దిష్టిచుక్క పెట్టిన పట్టిక

గౌలిపురలోని యశోద అనే ఇల్లాలికి డిగ్రీలో ఒక్క పేపరు మిగిలిపోయింది. పెళ్లినాటికి మిగిలిన ఆ పేపరు, కూతురు మాన్య తన డిగ్రీ ముగించి ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా మిగిలే ఉంది. పాల వ్యాపారం చేసే ఇంట్లో ఇటువంటిది జరగకూడదు. తోడు వేసిన పాలు తెల్లవారేసరికి పెరుగు కావాలి. కాకపోతే తప్పు పాలదా, తోడుదా, వేసిన చేతిదా అని విచారణ జరుగుతుంది. యశోద డిగ్రీ విషయంలో మాత్రం ఏ విచారణా జరగలేదు. అసలు మూత తీసి చూసినవాళ్లే లేరు.

మొదట్లో ఆ పేపరు పేరు 'కంప్యూటరు పరిచయం'. యశోద దానిని రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. తర్వాత ఆమె దానిని వదిలేసింది గాని అది ఊరుకోలేదు. ఆమె చదవని కొద్దీ తానే చదువుకుంటున్నట్లు ఎదుగుతూ వచ్చింది. పాఠ్యప్రణాళిక మారినప్పుడల్లా దానికొక కొత్త విద్య వచ్చి చేరింది. చివరకు సార్వత్రిక విశ్వవిద్యాలయం వారు పాత విద్యార్థులకు ఇదే ఆఖరి అవకాశమని ప్రకటించేనాటికి అది 'డేటాబేసులు, కృత్రిమ మేధ: ప్రాథమిక పరిచయం' అయి కూర్చుంది. ఈసారి గట్టెక్కకపోతే నమోదు రద్దవుతుంది; ఇదివరకు పాసైన పేపర్లన్నీ నీళ్లపాలు. పాలవాళ్ల ఇంట్లో 'నీళ్లపాలు' అనే మాటను ఎవరూ తేలిగ్గా తీసుకోరు. యశోద ఫీజు కట్టింది.

తరగతులు ఆదివారాలు. చార్మినార్ దగ్గర ఆటో దిగి, గాజుల బేరాల మధ్య నుంచి దారి చేసుకుని, యశోద అధ్యయన కేంద్రానికి చేరేది. అక్కడ పాఠం చెప్పేది విఠల్‌రావు. ఎన్నో తరాల కిందట వచ్చి పాతబస్తీలోనే స్థిరపడిన మరాఠీ కుటుంబం ఆయనది, ఇల్లు మాదన్నపేట. ఇస్త్రీ చెదరని చొక్కా వేసుకునేవాడు. చొక్కా ఎంత శుభ్రంగా ఉండాలో దత్తాంశం కూడా అంత శుభ్రంగా ఉండాలనేవాడు.

దత్తాంశం అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 'దత్త' అంటే ఇవ్వబడిన. దానికి 'అంశం' చేరి, సవర్ణదీర్ఘ సంధి జరిగి, దత్తాంశం అయింది. ఇవ్వబడిన అంశం అని అర్థం. ఎవరు ఇచ్చారో, ఏ మనసుతో ఇచ్చారో, ఇచ్చేటప్పుడు గుప్పిట్లో ఎంత దాచుకున్నారో సమాసం చెప్పదు. సమాసాల పని అర్థాన్ని కుదించడమే గాని సాక్ష్యం పలకడం కాదు. విఠల్‌రావు ఈ సూక్ష్మం లోకి పోలేదు. ఆయన బల్లమీద ఒక పట్టిక గీసి, "అడ్డంగ ఉన్నయి వరుసలు, నిలువుగ ఉన్నయి గడులు. గిట్ల పేర్చి పెట్టిందే డేటాబేసు. దీన్ని చూసి రేపేమైతదో మెషిన్ అంచనా కడ్తది, అది కృత్రిమ మేధ. ఏ విత్తు వేస్తే ఆ చెట్టే మొలుస్తది. మీరు నిజం వేయుండ్రి, అది నిజం చెప్తది" అన్నాడు.

ప్రతి విద్యార్థీ తన ఇంటి నుంచో పని నుంచో కొంత దత్తాంశం సేకరించి, పట్టికగా పేర్చి, వచ్చే నెల ఏమి జరుగుతుందో యంత్రం చేత చెప్పించాలి. ఆ తర్వాత విఠల్‌రావు ఎదుట కూర్చుని మౌఖిక పరీక్షలో దానిని సమర్థించుకోవాలి. పక్క బెంచీలో కూర్చునే షారోన్ తమ చర్చి పాటల బృందంలో ఎవరు ఏ ఆదివారం ఆలస్యంగా వస్తారో చెప్పిస్తానంది. యశోద ఎక్కువ ఆలోచించలేదు. "మా బర్రెల పాలు సార్" అంది.

ఆలోచించవలసింది. ఎందుకంటే ఆ ఇంట్లో గేదెలను లెక్కపెట్టకూడదు.

ఇది అత్తగారు సుందరమ్మ శాసనం. ఆమెకు తన అత్తగారి నుంచి, ఆమెకు ఆమె అత్తగారి నుంచి సంక్రమించింది. కొట్టంలో ఎన్ని గేదెలున్నాయో పైకి అనకూడదు. ఏది ఎన్ని పాలిస్తుందో ఉన్నదున్నట్టు చెప్పకూడదు. ఎవరైనా అడిగితే సుందరమ్మ, "ఏడియమ్మా, దూడకే సాలుతలేవు" అని నిట్టూర్చేది, అప్పుడే నిండిన క్యాను మీద కొంగు కప్పుతూ. "లెక్క అనేది కొనెటోనికి, అమ్మెటోనికి. సాదుకునేటోనికి లెక్కెందుకు? లెక్కపెడ్తే నిలుస్తయా?" అనేది ఆమె సిద్ధాంతం. అందుచేత ఆ కొట్టంలో గేదెలెన్నో ఈ కథలో కూడా రాయడం లేదు. కథలు చదివించుకుని వినే అలవాటు సుందరమ్మకు ఉంది.

దృష్టి ప్రకృతి, దిష్టి దానికి వికృతి. వ్యాకరణంలో ఇవి రెండూ ఒకటే మాట. వాడుకలో మాత్రం వేరు కాపురాలు పెట్టాయి. దృష్టికి లోకమంతా కనబడుతుంది. దిష్టికి ఎదుటివాడి పెరడు మాత్రమే కనబడుతుంది. గౌలిపుర సందుల్లో దానిని నజర్ అని కూడా అంటారు. ఏ భాషలో పిలిచినా అది పలుకుతుంది.

అయినా సుందరమ్మ కోడలి కోరికను కాదనలేదు. "బడి లెక్కకేంది, చెప్త" అంది. పాలు పిండేది ఆమే. కోడలి చెయ్యి పడితే గేదెలు చేపవని, పాలు వదలవని ఆమెకు గట్టి నమ్మకం కాబట్టి, యశోద కొట్టం గడప దాటేది కాదు. సుందరమ్మ పిండి, కొలిచి, కొడుకు కృష్ణయ్యకు చెప్పేది. కృష్ణయ్య పాలను చాయ్ హోటళ్లకు పోసి వచ్చి, యశోదకు ఫలానా గేదె ఇంత, ఫలానాది ఇంత అని చెప్పేవాడు. యశోద ఆ అంకెలను కంప్యూటరులో ఎక్కించేది. నెలా పదిహేను రోజులు ఈ క్రమం తప్పలేదు. చాలా నియమం గల కుటుంబం.

ఆ ఆదివారం విఠల్‌రావు యశోద కంప్యూటరు ముందు నిలబడి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"యశోదమ్మా, ఈ అంకెల ముంగట అడ్డగీతలేంది?"

"మైనస్ సార్."

"అది నాకు ఎరుకే. పాలు మైనస్‌ల ఎట్లుంటయమ్మా? మీ బర్రెలు పాలిస్తున్నయా, తాగుతున్నయా?"

షారోన్ పక్కనుంచి మెడ చాచింది. "అక్కా, పొద్దుగాల లేచి బర్రెలకు మీరే పాలు పోస్తున్నరా?"

తరగతి అంతా ఘొల్లుమంది. అసలు వినోదం ఇంకా మిగిలే ఉంది. యంత్రం తన పని తాను నిష్ఠగా చేసి, రాబోయే కాలపు గీతను గీసింది. ఆ గీత తెర అడుగుభాగం చీల్చుకుని పాతాళానికి పోతున్నట్లుంది. దాని ప్రకారం దీపావళి నాటికి, సదర్‌కు గేదెలను పూలతో ముస్తాబు చేసి పండుగ జరిపే వేళకు, ఇంటిల్లిపాదీ చెంబులు పట్టుకుని వీధిలో పాలు అడిగి తెచ్చి గేదెలకు సమర్పించుకోవలసి ఉంటుంది.

"మెషిన్ తప్పు చెప్తలేదు," అన్నాడు విఠల్‌రావు. నవ్వలేదు, నవ్వకపోవడమే ఎక్కువ బాధ కలిగించింది. "మీరే దానికి తప్పు నేర్పిచ్చిన్రు. మొదటికెల్లి మల్ల తియ్యుండ్రి. మౌఖికానికి ఇంక టైమున్నది. గిదే తెస్తే మాత్రం నేను పాస్ చెయ్యలేను. మీకిది ఆఖరిసారి గద?"

"అవును సార్" అంది యశోద.

సాయంత్రం పాలు పిండడం ముగిసే వేళకు ఆమె కొట్టం గడపలో నిలబడింది.

"అత్తమ్మా, నిజం చెప్పు. నువ్వు చెప్పిన లెక్క కరెక్టేనా?"

"ఏందే గట్ల అడుగుతవ్? మొత్తం కరెక్టు. బర్రెకు రెండు లీటర్లు తక్క."

"రెండు లీటర్లు తక్క అంటే?"

"అంటే తగ్గిచ్చి చెప్పిన. ఉన్నదున్నట్టు ఎవలన్న చెప్తరా?"

కృష్ణయ్య చేతిలోని క్యాను కింద పెట్టాడు. "అమ్మా, నువ్వు తగ్గిచ్చినవా? నువ్వు చెప్పినదాంట్లకెల్లి నేను ఇంకో రెండు తగ్గిచ్చి ఈమెకు చెప్పిన గద! ఏం మిగలకపోతే ఆ బర్రె ఇయ్యాల పాలియ్యలేదని చెప్పిన."

"నువ్వెందుకు తగ్గిచ్చినవ్‌రా?"

"కన్నతల్లివి, కొడుకుతోని నిజమే చెప్తవనుకున్న."

"కన్నకొడుకైతే దిష్టి తగలదా? అన్నిట్లకన్న గట్టిగ తగిలేదే ఇంట్లోల్లది!"

ఇద్దరూ యశోద వైపు చూశారు. యశోద గోడ వైపు చూసింది. "నేను గూడ రెండు తీసేసిన," అంది మెల్లగా. "భర్త భార్యతోని నిజం చెప్పిండనుకున్న. రోజూ చేత్తోని తగ్గించుడు పాపమనిపిచ్చి, మెషిన్‌కే చెప్పిన, వచ్చిన ప్రతిదాంట్ల రెండు కొట్టెయ్యమని. ఏం వస్తున్నదో మల్ల చూడలే."

ముగ్గురూ వేరువేరుగా భయపడి, ముగ్గురూ వేరువేరుగా జాగ్రత్తపడి, ముగ్గురూ ఒకరినొకరు నమ్మిన ఫలితం అది. నమ్మకం లేని కుటుంబమైతే ఇంత ప్రమాదం జరిగేది కాదు.

కృష్ణయ్యకు నవ్వు ఆగలేదు. "గిట్లయితే మన బంగారి గూడ ఎండిపోతది."

"దాని పేరెత్తకు!" అని సుందరమ్మ గద్దించింది.

బంగారి ఆ కొట్టానికి మహారాణి. పాలు చూసినా, మెరుపు చూసినా దాని తర్వాతే ఏదైనా. పట్టికలో అది అసలు లేనేలేదు. సుందరమ్మ దాని పేరు కొడుకుకు చెప్పలేదు, ఆమె చెప్పనందుకు కొడుకు అడగలేదు, ఆయన అననందుకు కోడలు రాయలేదు. ఈ ఒక్క విషయంలో ముగ్గురూ మాట్లాడుకోకుండానే ఏకాభిప్రాయానికి వచ్చారు.

"అత్తమ్మా," అంది యశోద, "ఉన్నదున్నట్టు రాయాలె. బంగారిని గూడ."

"రాయొద్దు. మీ మామ ఉన్నప్పుడు పశువుల డాక్టరొచ్చి ఎన్నున్నయని అడిగిండు. మీ మామ వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపిచ్చిండు. వారం తిరగకముందే మన చంద్రి బర్రె కాలు జారి మోరీల పడ్డది."

"పడితే ఏమైంది?"

"ఏం గాలే, లేచింది. కానీ పడ్డది గద!"

తర్కశాస్త్రంలో పండితులైనవారు కూడా మురుగుకాలువలో పడిన గేదె ముందు ఓడిపోతారు. యశోద గడప పక్క స్తంభాన్ని పట్టుకుని, ఇన్నేళ్లలో ఎన్నడూ అనని మాట అంది.

"నా పెండ్లినాడు మా బాపు నిన్ను ఒక్కటే అడిగిండు. మంచిగ చూస్కో అని గూడ అడగలే. ఒక్క పేపరున్నది, రాయనియ్యు అక్కా అన్నడు. నువ్వు సరే అన్నవు. ఇది తప్పితే మల్ల రాసుడు లేదు అత్తమ్మా."

సుందరమ్మ పాలచేతిని కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున పిలుపు వినబడింది. "యశోదా! నీ డబ్బా పట్టుకొని రా!" డబ్బా అంటే కంప్యూటరు. యశోద దానిని చంటిబిడ్డలా పట్టుకుని గడప దగ్గర ఆగింది.

"లోపటికి రా. గాడ నిలవడితే ఏం కనవడ్తది?"

మొదటిసారి యశోద కొట్టంలోకి అడుగుపెట్టింది. గేదెలు ఆమెను చూసి, పెద్ద ఆసక్తి చూపక, గడ్డి నమలడంలో పడ్డాయి. సుందరమ్మ పీట మీద కూర్చుని, ఎవరికో చెబుతున్నట్లు చెప్పింది.

"మాన్య పుట్టినప్పుడు ఎంత ముద్దుగుండె! దాన్ని దాచిపెట్టిన్నా? పెట్టలే. బుగ్గకు ఇంత నల్లచుక్క పెట్టి బజారు బజారంత తిప్పిన. నీ పట్టికకు గూడ ఒక చుక్క పెట్టు. ఉన్నదున్నట్టు అంత రాయి, ఒక్క వరుస మాత్రం చెడగొట్టు. చూసినోని కన్ను దాని మీదనే పడాలె."

యశోదకు అత్తగారి పాదాలకు దండం పెట్టాలనిపించింది. కాని చేతుల్లో కంప్యూటరు ఉంది. పాదాలు పేడలో ఉన్నాయి.

ఆ వరుసను సుందరమ్మే చెప్పి రాయించింది. ఒక గేదెను సృష్టించే అధికారం చేతికి వచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోయింది. దాని పేరు పెంటి అంది. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో, తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, పెంటయ్య అని పేరు పెట్టి తెచ్చుకునే ఆచారం ఉండేది. అంత విలువ లేనివాణ్ణి యముడు కూడా ముట్టడని. సుందరమ్మ సొంత తమ్ముడే పెంటయ్య. ఎనభై దాటినా గట్టిగా ఉన్నాడు.

"ఒక కొమ్ము ఇరిగింది, రాయి. దగ్గరికి పోతే తన్నుతది. తోక లేదు."

"కొమ్ముకు, తోకకు గడి లేదు అత్తమ్మా."

"మరి ఏం గడులున్నయ్?"

"పేరు, వయసు, ఎన్ని ఈతలు ఈనింది, ఎన్ని పాలు."

"వయసు తొంబై. ఈతలు లెవ్వు. పాలు సున్న. గింత దరిద్రపుది మన కొట్టంల ఉండుడు నాకే మంచిగనిపిస్తలేదు," అని ఆమె నిజంగానే బాధపడింది.

ఆ రోజు నుంచి సుందరమ్మ కొలిచి చెబుతుంటే యశోద పక్కనే నిలబడి రాసుకుంది. బంగారి కూడా పట్టికకెక్కింది. దాని అంకె చెప్పేటప్పుడు మాత్రం సుందరమ్మ గొంతు, చాడీ చెబుతున్నంత సన్నగా వచ్చేది.

మౌఖిక పరీక్ష రోజున యశోద పట్టుచీర కట్టుకుంది. విఠల్‌రావు తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పట్టిక చూశాడు, గీత చూశాడు. తల మెల్లగా ఆడించాడు. ఆ తలాడింపు మధ్యలో ఆగింది.

"ఇదేంది? తొంబై ఏండ్ల బర్రె?"

"పెంటి సార్."

"పేరు గాదు నేనడిగేది. గిదొక్కటే ఎక్కడో దూరంగ నిలబడ్డది. దీన్ని చూసి మెషిన్, బర్రెలు తొంబై ఏండ్లు బతుకుతయనుకుంటున్నది. ఏం దత్తాంశమమ్మా ఇది?"

"దిష్టిచుక్క సార్."

విఠల్‌రావు కళ్లజోడు తీయబోయి మానుకున్నాడు. "అరే! ఇది సైన్స్ పరీక్షా, దిష్టి తీసుడా? మిగితదంత బ్రహ్మాండంగున్నది. దీన్ని తీసెయ్యుండ్రి, నేను సంతకం పెడ్త."

చెరిపివేసే మీట యశోద వేలి కిందే ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు, పాతికేళ్ల పేపరు ముగిసిపోతుంది. సుందరమ్మ ఇక్కడ లేదు, ఆమెకు తెలియదు, చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. కాని పేడలో కూర్చుని తన మొగుడికి, కొడుక్కి కూడా చెప్పని అంకెలను ఆమె ఈ కోడలికి చెప్పింది, ఆ ఒక్క చుక్కను నమ్ముకుని. యశోద వేలు మీట మీద నుంచి పక్కకు జరిగింది.

"తీసెయ్యను సార్. మాటిచ్చిన."

"అయితే నేను..."

"ఒక్క నిమిషం సార్."

ఆమె టైపు చేయసాగింది. ఒక అక్షరం తప్పు పడింది, దిద్దింది. పట్టికను ముట్టుకోకుండా, దాని మీద ఒక కిటికీ లాంటిది కట్టింది. ఆ కిటికీలో నుంచి చూస్తే, ఈతలు ఈనిన గేదెలు మాత్రమే కనబడతాయి. యంత్రాన్ని తీసుకువెళ్లి ఆ కిటికీ ముందు కూర్చోబెట్టింది. గీత సర్దుకుని, చక్కగా నిలబడింది.

"ఇప్పుడు పెంటి పోయిందా?" అన్నాడు విఠల్‌రావు.

"పోలేదు సార్. కొట్టంలనే ఉన్నది. పాలు పిండేటప్పుడు దాని దగ్గరికి పోము, గంతే."

"దీన్నేమంటరు?"

"వ్యూ అంటరు సార్. ఆరో పాఠం."

విఠల్‌రావుకు ఆరో పాఠం చెప్పిన ఆదివారం గుర్తుంది. ఆ రోజు సగం తరగతి నిద్రపోయింది. ఎవరో ఒకరు మేలుకుని విన్నారని ఆయనకు ఇప్పుడే తెలిసింది. పాఠం చెప్పేవాళ్లకు ఇటువంటి కబురు ఉద్యోగకాలంలో ఒకటి రెండుసార్లకు మించి అందదు. ఆయన మరేమీ అడగకుండా మార్కులు వేసి, సంతకం పెట్టి, కింద తారీఖు కూడా వేశాడు. "పాస్, యశోదమ్మా" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకునేలోగా ఆయన మళ్లీ తెర వైపు వంగాడు. ఇప్పుడు అధ్యాపకుడి చూపు కాదది.

"అవునూ, ఇన్ని పాలా! ఈ బంగారి ఒక్కతే ఇన్నిస్తదా?"

యశోద తెరకు అడ్డంగా జరిగింది. చుక్క పెట్టినా తగలనే తగిలింది.

"మా ఇంటామె రమాబాయి ఆర్నెల్ల సంది చిక్కటి బర్రెపాలు దేవులాడుతున్నది. ప్యాకెట్ పాలతోని మా బాసుంది మిఠాయి చేస్తే అది బాసుంది గాదు, ముగ్గునీళ్లు. గౌలిపురల ఎవరినడిగినా పాలు లెవ్వనే అంటరు. రేపటికెల్లి మాకొక లీటరు పోస్తరా? పైసలు ముందే ఇస్త."

'ఏడియి సార్, దూడకే సాలుతలేవు' అనే మాట యశోద నాలుక చివరిదాకా వచ్చింది. వెనక తెర మీద గీత ఠీవిగా పైకి పోతోంది. తన చేత్తో తానే గీయించి, తానే సమర్థించి, తానే సంతకం పెట్టించుకున్న గీత. "పోస్తం సార్" అంది.

మర్నాడు పొద్దున్నే విఠల్‌రావు స్టీలు క్యానుతో సందు వెతుక్కుంటూ వచ్చాడు. సుందరమ్మ ఆయనను నఖశిఖపర్యంతం చూసి, ఒక లీటరు కొలిచి, కొసరు కూడా పోసింది. ఆయన కృతజ్ఞతతో, ఏదో ఒకటి మాట్లాడాలని, కొట్టం వైపు తొంగిచూశాడు.

"మొత్తం ఎన్ని బర్రెలున్నయమ్మా మీకు?"

లోపల చాయ్ వడగడుతున్న యశోద చెయ్యి ఆగిపోయింది.

సుందరమ్మ కొంగు సర్దుకుంది. "నాకేం ఎరుక సారూ, ఏలిముద్ర దాన్ని. గవన్ని మా కోడలినడుగుండ్రి. ఆమె బి.ఎస్సి. చదివింది."